అక్క నూనె, నా పాలు

మా పాప ఒంటి మీద మొదటి దద్దురు మెడ మడతలో కనిపించింది. అప్పటికి దానికి మూడో నెల. కాన్పుకని కుప్పం నుంచి పుంగనూరుకు, పుట్టింటికి వచ్చి ఉన్నాను. అమ్మ పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, గడ్డం పైకెత్తి చూసి, "ఏం కాదులే, ఒంట్లో వేడి బయటికొస్తాండాది. ఇంకొంచెం నూనె పట్టించు" అంది. పట్టించాను.

ఆ నూనె మా అక్కది. అక్క అత్తగారిల్లు కూడా పుంగనూరులోనే, మాకు రెండు వీధుల అవతల. మిద్దె మీద కచ్చూరాలు, బావంచాలు, కస్తూరి పసుపు లాంటి మూలికలు ఎండబెట్టి, దంచి, గానుగ నూనెలో కాచి, కమ్మటి వాసన కోసం ఇంకేవో కలిపి సీసాలకు పోసేది. 'అంతా ప్రకృతి నుంచే, ఒక్క చుక్క కెమికల్ లేదు' అని సీసా మీద చీటీ. ఫోన్‌లో గ్రూపు పెట్టి, పసిపిల్లల మర్దనకని బెంగళూరు దాకా అమ్మేది. నాకు గర్వంగానే ఉండేది. నూనె రాసుకుని మెరుస్తున్న మా పాప ఫోటో అక్క తన స్టేటస్‌లో పెట్టుకుంటే, నేనే నలుగురికీ చూపించాను. నా కంటే వెర్రిది ఆ వీధిలో లేదు.

దద్దుర్లు మెడ దిగి చంకలకు, మోచేతి మడతలకు, చెవుల వెనక్కి పాకాయి. ఎర్రగా లేచి, చెమ్మ ఊరి, పొక్కు కట్టేవి. పాప నిద్రలో కూడా తల అటూ ఇటూ రుద్దుకునేది. మా వాళ్ల లెక్క ఒకటే: ఎంత ఎక్కువ లేస్తే అంత వేడి పోతున్నట్టు. కాబట్టి లేచినకొద్దీ నూనె పట్టించడం, పట్టించి పొద్దుటెండలో పడుకోబెట్టడం. ఇంత పిడికెడు పిల్లలో అంత వేడి ఎక్కడిదని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

నెల గడిచినా తగ్గకపోతే నా తిండి మీద పడ్డారు. వంకాయ మానమన్నారు, మానాను. గుడ్డు మానాను. చివరికి చెనక్కాయలు కూడా. ఈ సీమలో పుట్టినదాన్ని, చెనక్కాయల ఊరిబిండి నంజుకోకుండా సంగటిని మిరియాల చారుతో మింగాను. దద్దుర్లు అలాగే ఉన్నాయి.

ఒక ఉదయం అక్క వచ్చింది. పాప గడ్డం ఎత్తి మెడ మడత చూసి, చెవి వెనక చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత అమ్మతో, "మా, దీని పాలు సూడాల" అంది.

పాలు చూడటమంటే మా ఇంట్లో ఒక పద్ధతి. బాలింత పాలు గిన్నెలోకి పిండి అందులో చీమను వేస్తారు. చీమ ఈదుకుంటూ గట్టెక్కితే పాలు మంచివి, చస్తే చెడిపోయినట్టు. గిన్నె అక్కే తెచ్చింది. గోడ వారన పోతున్న చీమను అక్కే పట్టింది. అది రెండు చుట్లు తిరిగి కాళ్లు ముడుచుకుంది.

"సూస్తివా? నీ పాలల్లోనే ఉండాది" అంది అక్క.

ఏ పాలలో వేసినా చీమ చస్తుంది. ఆ మాత్రం ఇంగితం నాకు లేకపోలేదు, డిగ్రీ చదివాను. కానీ కన్నబిడ్డ రక్తం వచ్చేలా గోక్కుంటుంటే, కన్నతల్లీ తోడబుట్టినదీ ఇద్దరూ నా రొమ్ము వైపే చూస్తుంటే, ఆ చదువు ఎటు పోయిందో తెలియదు. నా బిడ్డకు నేనే విషం పెడుతున్నానని నమ్మాను. ఆ రోజు నుంచి డబ్బా పాలు. పాలు ఇంకిపోవడానికి రొమ్ములకు మల్లెపూలు కట్టుకోమంటే కట్టుకున్నాను. పక్క గదిలో పాప ఏడిస్తే నా పైట తడిసిపోయేది. లేచి వెళ్లకుండా తలుపు గడియ పెట్టుకునేదాన్ని.

పాలు ఇంకిపోయాయి. దద్దుర్లు పోలేదు. ఎందుకు పోతాయి, నూనె సాగుతూనే ఉంది కదా! నెలన్నర చూసి మా ఆయన కుప్పం నుంచి వచ్చి, ఎవరి మాటా వినకుండా మమ్మల్ని మదనపల్లెలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ డాక్టరు పెద్దాయన. నా పాలు చెడ్డాయని మాన్పించామంటూ నేను నా తిండి పురాణం మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, పాప డైపర్ విప్పమన్నాడు. కింద చర్మం నున్నగా ఉంది. ఒక్క మచ్చ లేదు. మేము డైపర్ తియ్యకుండానే నూనె మర్దన చేసేవాళ్లం.

"పాలల్లో ఉంటే ఈడ మాత్రం యాల రాలేదమ్మా? ఒంటికి ఏం పూస్తాండారు?"

చెప్పాను. "అన్నీ చెట్లవే సార్" అని కూడా అన్నాను, అక్క పరువు కాపాడుతూ.

"ఒళ్లు పొక్కించే జీడిగింజ కూడా చెట్టుదే. పిల్లకు పూస్తామా?" అన్నాడు. కాచిన మూలికల్లోనో, వాసనకు కలిపినవాటిలోనో ఏదో పాపకు పడలేదని, నూనె ఆపి తను రాసిచ్చిన మందు పూస్తే చాలని చెప్పాడు. చీటీ ఇస్తూ, "తల్లిపాలు మాన్పించమని ఎవురు చెప్పినారు?" అన్నాడు.

తిరిగి వస్తూ అక్క ఇంటికి వెళ్లాను. పోట్లాటకు కాదు. పాపం, తెలియక చేసింది, మిగతా తల్లులకైనా చెప్పమందామని. అక్క మిద్దె మీద ఉంది. వాళ్ల అత్తగారు వరండాలో కూర్చుని అక్క కొడుక్కి, ఏడాదిన్నర వాడికి, తల దువ్వుతోంది. మా పాప మెడ చూసి ఆమె ఉలిక్కిపడింది.

"అయ్యో, మా పిల్లోనికి వచ్చినట్లే వచ్చిందే! నీకు తెల్దా అమ్మా? పోయిన ఎండాకాలం వానికి ఇట్లే ఒళ్లంతా లేచె. ఆ నూనె వానికి పడల్యా. అప్పట్నుంచి మేము పూసేది వట్టి టెంకాయ నూనే."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంటిదొంగను ఒక ముసలమ్మ అమాయకంగా పట్టించింది. అక్క మెట్లు దిగి వచ్చి, నా ముఖం చూసి చివరి మెట్టు మీదే ఆగిపోయింది.

"నీకు తెలుసు" అన్నాను.

"అందరికీ అట్ల కాదు మే. యాడో ఒకరిద్దరికి..."

"తెలిసే చీమను పడితివా?"

అక్క కొంగు చివర వేలికి చుట్టుకుంది. "సొంత చెల్లెలి బిడ్డకే పడలేదంటే ఎవురు కొంటారే? నాలుగు దినాలకు అదే తగ్గిపోతాదనుకుంటి." కొంగు వదిలి, "పాలదేముండాది, మెంతులు తిను, మళ్లా వస్తాయి" అంది.

పరాయివాళ్లయితే నోరారా తిట్టి మర్చిపోయేదాన్ని. చిన్నప్పుడు నాకు జడ వేసిన చేతులవి. ఆ చేతులే నా పాలలో చీమను వేశాయి. పాపను భుజాన వేసుకుని వచ్చేశాను.

నూనె ఆపిన రెండు వారాలకు పాప ఒళ్లు నున్నబడింది. కుప్పం చేరాక మెంతులు తిన్నాను, వెల్లుల్లి తిన్నాను, ఎవరేం చెబితే అది తిన్నాను. ఒక మధ్యాహ్నం పాపను ఒళ్లో వేసుకుని రొమ్ము అందించాను. నోట పట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు సార్లు లాగి, ఏమీ రాక, వదిలేసి నా ముఖంలోకి చూసింది. ఏడవను కూడా లేదు. తల తిప్పి, పక్కనున్న పాలసీసా కోసం చెయ్యి చాచింది.