చాయ్ మరక పడిన సాసరు

మొన్న మధ్యాహ్నం డెస్కులో ఉండగా యాదగిరి ఫోన్ చేశాడు. "సారూ, అక్క పోయింది. పొద్దుగాల దవాఖానకు తీస్కపోయినం. దక్కలె." ఎవరని నేను అడగలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో తన ఇంటి పై వాటాలో ఏళ్ళుగా కిరాయికుంటున్న విశాలాక్షి గారిని తప్ప ఆయన ఎవరినీ అక్క అనడు. మా పత్రికలో ఆమెది నా పక్క కుర్చీ. ముందు పేజీ చేతిలోనే ఉంది, ఒక్క అక్షరమూ కనిపించలేదు.

తెనాలి నుంచి వచ్చి ఒంటరిగా బతికిన ఆమెకు ఒకే వ్యసనం: చిట్టి కాఫీ కప్పులు, సాసర్లు. కాగితం మీద అచ్చేసిన నీలి బొమ్మను మట్టిపాత్ర మీదికి దించి కాల్చిన పాతకాలపు ఇంగ్లండు సరుకు. పాతసామాన్ల బజారు గురువారమే కాబట్టి వారం సెలవు ఆ రోజే కావాలనేవారు. కొనేముందు పిడి దగ్గర భూతద్దం పెట్టి, బొమ్మ రెండు అంచులూ కలిసే చోటు వెతికేవారు. అక్కడ పూలతీగ తెగి, కాస్త పక్కకు జరిగి మొదలయ్యేది. "అతుకు కుదరలేదు, చూశారా? ఎవరో చేత్తో అంటించారన్నమాట!" అని మురిసిపోయేవారు. డెస్కులో మాత్రం కామా జరిగినా ఊరుకోరు.

ఆ కప్పులు చూడ్డానికే. ఇంటికి వెళితే మాకు కాఫీ స్టీలు గ్లాసుల్లో వచ్చేది.

తెలంగాణ ఉద్యమం ఉధృతమైన రోజుల్లో తెనాలి నుంచి వాళ్ళన్నయ్య రోజూ ఫోన్ చేసి వచ్చేయమనేవారు. చివరికి ఒక బంద్ రోజున ఆమె నన్ను పిలిచారు: "కప్పులు సర్దాలి, పాత పేపర్లు పట్టుకొస్తారా?" బస్సులు లేవు. పేపర్ల కట్టతో మలక్‌పేట నుంచి నడిచాను. సగం కప్పులు చుట్టేసరికి, ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో ముగించుకుని, మెడలో కండువాతో యాదగిరి మెట్లెక్కి వచ్చాడు.

"ఏందక్కా గిదంతా? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవరూ ఏమీ అనలేదండీ. మా అన్నయ్య భయపడుతున్నాడు."

"మాకు కావల్సింది మా రాష్ట్రం. నిన్ను పొమ్మని ఎవలన్నరు? జర చాయ్ పొయ్యి, ఒర్లి ఒర్లి గొంతెండింది."

గ్లాసులు అప్పటికే మూటలోకి వెళ్ళాయి. ఆమె ఒక కప్పూ సాసరూ కాగితం విప్పి తీశారు.

"గింత కప్పా? పిట్టకు పోస్తున్నవా అక్కా?" అంటూనే యాదగిరి చాయ్ సాసర్లో ఒంపుకుని జుర్రాడు. పాత మెరుగుపూతలో వెంట్రుకల్లాంటి పగుళ్ళుంటాయి, చాయ్ వాటిలోకి ఇంకిపోతుంది. ఇంకిపోయింది కూడా. ఆమె నవ్వి, "ఇంకాస్త పొయ్యనా?" అన్నారు. గిన్నె ఖాళీ అయ్యేదాకా పోశారు. ఆ తర్వాత కప్పులన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ అల్మారాలోకి చేరాయి.

సాసరు మీద వంతెన బొమ్మ పక్కన గోధుమరంగు మరక మిగిలింది. దాన్ని పోగొట్టడం ఆమెకు తెలుసు. అయినా పోగొట్టలేదు. "ధర పడిపోయిందిగా," అన్నానొకసారి. "అమ్మితే కదా," అన్నారు.

మొన్న సాయంత్రం అన్నయ్య వచ్చి, చెల్లెల్ని తెనాలి తీసుకుపోదామన్నారు. యాదగిరి పైకి వెళ్ళి ఆ సాసరు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "అక్క పోత అన్ననాడు నేను చాయ్ తాగింది గీండ్లనే. గప్పుడు ఆగింది. ఇప్పుడు తీస్కపోతవా పెద్దాయనా?"

ఆయన ఆ మరకను వేలితో తడిమి, తెనాలికి ఫోన్ చేసి చుట్టాలను ఇక్కడికే రమ్మన్నారు. అంత్యక్రియలు ఇక్కడే జరిగాయి. పాడె మోసిన వాళ్ళలో యాదగిరి ముందున్నాడు.

ఆమె కుర్చీలోకి ఎవరో వస్తారు. కుదరని అతుకులో మనిషి చేతిని చూసి మురిసే ఆ కన్ను మాకిక దొరకదు. ఆ సహృదయకు కన్నీటి అంజలి.

కప్పులన్నీ అన్నయ్యతో వెళ్ళాయి. ఆ ఒక్క జతను మాత్రం ఆయన యాదగిరి చేతికిచ్చారు. "మరక కడిగేరు, జాగ్రత్త," అని కూడా చెప్పారు.