టాంసిన్ మాడ్చిన రొట్టె

రెండేళ్లు వరసగా తన చీటీ చేజారిపోయినా టాంసిన్ రెటాలిక్ నోరెత్తలేదు. యజమాని ఇంట్లో రాగి గిన్నె దొంగిలించిందని కార్న్‌వాల్‌లో ఓడెక్కించి, ఏడేళ్ల శిక్ష మీద సముద్రాల అవతల ఖైదీల దీవిలో, హోబార్ట్ రేవున దించారు. లడ్‌గ్రోవ్ దొర ఇంట్లో వంటకు పెట్టారు. జీతం లేదు. నడవడి బాగుందని సర్కారు చీటీ ఇస్తే మాత్రం తన కష్టం తనది, నచ్చిన చోట కూలికి చేసుకోవచ్చు. తీరా చీటీ అందే వేళకు, ఎదురు చెప్పిందని దొర ఫిర్యాదు చేశాడు. మరుసటేడు తాగిందన్నాడు. మేజిస్ట్రేటు రెండుసార్లూ తల ఊపాడు. ఆ పెద్దమనిషి ప్రతి ఆదివారం లడ్‌గ్రోవ్ బల్ల దగ్గర కూర్చుని, టాంసిన్ మాంసం కూరి కాల్చిన పాస్టీలు లాగించేవాడే.

తప్పు ఎక్కడ చేశానా అని ఆమె తనలోనే వెతుక్కుంది. ఒక ఆదివారం వడ్డించడానికి వస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది.

“చీటీ చేతికొస్తే రేపే వెళ్లిపోతుంది. ఇలాంటి వంటమనిషిని చేతులారా వదులుకుంటానా?” అంటున్నాడు లడ్‌గ్రోవ్. “ఈ ఏడు కూడా మీరే ఏదో ఒకటి చూడాలి.”

“చూద్దాంలేవయ్యా. ముందు ఇంకో పాస్టీ ఇటు తోయ్,” అన్నాడు మేజిస్ట్రేటు.

గిన్నె దొంగిలిస్తే సముద్రాలు దాటించారు. మనిషి బతుకులోంచి ఏళ్లు దొంగిలించేవాళ్లు దర్జాగా మూతి తుడుచుకుంటున్నారు!

పై ఆదివారం బొగ్గులా మాడిన రొట్టె బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది టాంసిన్.

“ఏమిటే ఇది?” దొరసాని గుడ్లురిమింది.

“బాగా వండితే శిక్ష వేసే ఇల్లమ్మా ఇది. మాడిస్తే ఏం వేస్తారో చూద్దామని.”

శిక్షగా ఆమె జుట్టు కత్తిరించి, ఆడఖైదీల కార్ఖానాలో బట్టలుతికే తొట్టి ముందు నిలబెట్టారు.

“గొర్రెను గొరిగినట్టు భలే గొరిగారే పిల్లా! ఏం వెలగబెట్టావేమిటి?” అంది పక్క తొట్టి దగ్గరి ముసలి ఐరిష్ ఖైదీ హొనోరా. సంగతంతా విన్నాక ఆమె నవ్వు ఆగిపోయింది. పిండుతున్న దుప్పటి దబ్బున తొట్టిలో పడేసింది. “వినండే! లడ్‌గ్రోవ్ ఇంటికి మనలో ఎవత్తెను పంపినా, మొదటి రోజే రొట్టె మాడాలి!”

మాడింది. పంపిన ప్రతి మనిషీ మాడ్చి తిరిగొచ్చింది. చీకటి కొట్లో పెట్టినా, మంచినీళ్లూ ఎండు రొట్టే పెట్టినా మాట తప్పలేదు. చలికాలానికి దొరసాని తనే పిండి పిసుక్కుంటోంది. మేజిస్ట్రేటు ఆదివారాలు వేరే బల్ల వెతుక్కున్నాడు.

చివరికి లడ్‌గ్రోవే కార్ఖానా గేటు దగ్గరికొచ్చాడు.

“టాంసిన్, వచ్చెయ్. ఈసారి చీటీ నేనే దగ్గరుండి ఇప్పిస్తా.”

చీటీ! కాదంటే శిక్ష తీరేదాకా ఈ తొట్టే, ఈ చన్నీళ్లే. వెనక తొట్ల దగ్గర చప్పుడు ఆగింది. తన కోసం చీకటి కొట్లో పడి వచ్చిన ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు.

“జుట్టు ఇంకా పెరగలేదు దొరా,” అంది. “అమ్మగారి రొట్టెలే తినండి. పళ్లు గట్టిపడతాయి.”

హొనోరా వేసిన కేకకు గేటు బయట దొర గుర్రం బెదిరింది.

టాంసిన్ శిక్ష పూర్తిగా అనుభవించాకే బయటికొచ్చింది.

అయ్యా, అమ్మా, ఇలాంటి ఇళ్లు మన హోబార్ట్‌లో ఇంకా ఉన్నాయి. చీటీ అందే ముందు ఏ పనిమనిషినైనా కోర్టుకీడిస్తే, వెళ్లి ఆమె పక్షాన సాక్ష్యం చెప్పండి. ఆ ఇంటివాళ్లు భోజనానికి పిలిస్తే వెళ్లకండి. ఎందుకు రావడం లేదో వాళ్ల ముఖం మీదే చెప్పండి.