ఇచ్చోడ అడవిలో బంగారు వీపు పిట్ట

ఒక వడ్రంగి పిట్ట నా పెళ్లిని కూలదోయబోయిన సంగతి చెబుతాను. తప్పు పిట్టది కాదు. ముందే ఒప్పుకుంటే మీరు కాస్త జాలి చూపిస్తారని నా ఆశ.

అప్పుడు నేను జమ్మికుంట పత్తి మార్కెట్ యార్డులో గుమాస్తాను. బైనాక్యులర్ కొని పన్నెండు రోజులైంది. ఆ పన్నెండు రోజుల్లో నేను తడుముకోకుండా గుర్తుపట్టిన పక్షులు మూడు: కాకి, పావురం, ఎదురింటి కోడి. అయినా ఇచ్చోడకు పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు అమ్మాయి తండ్రి గంగారాంగారు, "ఖాళీగ ఉంటె ఏం జేస్తరు బాబూ?" అని అడిగితే, వెయ్యి అడవులు తిరిగినవాడి గొంతుతో జవాబిచ్చాను.

"పక్షులను చూస్త సార్. ముఖ్యంగ వడ్రంగి పిట్టలను."

ఆయన అటవీ శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారని నాకెవరూ చెప్పలేదు. కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచారు.

"అరె, మా ఇంట్ల నా పిట్టల ముచ్చట ఇనేటోడే లేడు! రేపు పొద్దుగాల అడివికి పోదాం!"

"నేను గూడ వస్త బాపూ," అంది తలుపు దగ్గర నిలబడ్డ పెళ్లికూతురు కవిత. ఆమె ముఖంలో మెరిసిన నవ్వుకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు.

ఊళ్లోనే ఉన్న మేనత్త ఇంట్లో దిగి, పక్షుల పుస్తకంలో వడ్రంగి పిట్ట పేజీని పరీక్షకు చదివినట్టు బట్టీ పట్టాను. నెత్తిన ఎర్ర తురాయి, బంగారు రంగు వీపు. మగదానికి తలంతా ఎరుపు, ఆడదానికి ముందు భాగం నలుపు. ఇంకేం కావాలి?

పొద్దున్నే అడవి అంచుకు చేరాం. నేను ఒక ఇప్పచెట్టుకు ఆనుకుని, బైనాక్యులర్ కళ్లకు అంటించుకుని నిలబడ్డాను. దూరం నుంచి టక్, టక్, టక్ అని చప్పుడు వచ్చింది. పక్కనే ఎక్కడో మేకలు అరుస్తున్నాయి. నేను పక్షుల మనిషిని, మేకలతో నాకేం పని?

ఆకుల సందులో ఎర్రటిదేదో ఊగింది. దాని కింద పసుపు తళుక్కుమంది.

"సార్! వడ్రంగి పిట్ట! బంగారు వీపుది!"

"ఏడ? నాకు కనబడతలేదు," అన్నారు గంగారాంగారు చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని.

"గా నల్లమద్ది మీద సార్. తలంతా ఎర్రగుంది. మగది!"

"సైజెంత?"

"చాన పెద్దది సార్. గింత పెద్దది పుస్తకంల గూడ లేదు!"

కవిత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆనందం పట్టలేకపోతోందనుకున్నాను. ఇక చూడండి, నా ఉపన్యాసం గోదావరిలా పారింది. అది బెరడు కింది పురుగుల కోసం పొడుస్తోందనీ, తోకను ఊతంగా పెట్టుకుందనీ వివరించాను. సరిగ్గా అప్పుడే పెళపెళమని కొమ్మ విరిగి కింద పడింది. వెనకే మాట వినిపించింది.

"ఎవలుల్లా గాడ? జర పక్కకు జరుగుండ్రి, కొమ్మలు పడతయ్!"

నెత్తికి ఎర్ర తువ్వాల, ఒంటిమీద పసుపు చొక్కా, చేతిలో గొడ్డలి. మేకలకు ఆకు కొడుతున్న రైతు. గంగారాంగారిని చూసి కంగారుపడి, "మా చేను చెట్టే సారూ!" అని అరిచాడు.

గంగారాంగారు గొంతు సవరించుకున్నారు. "ఒక్కటైతే కరెక్టే చెప్పినవ్ బాబూ. మగదే."

భూమి చీలితే అందులోకి దూకుదామనుకున్నాను. చీలలేదు. ఇక పెళ్లి లేదు, సాయంత్రం బస్సులో జమ్మికుంటే అనుకుంటూ బైనాక్యులర్ సంచిలో కుక్కుతుంటే కవిత ఫోన్ చాపింది.

"గిది చూడుండ్రి. చెప్తే ఎగిరిపోతదని ఊకున్న."

ఫోటోలో నేను నోరు తెరిచి దూరంగా చూస్తున్నాను. నా తలకు మూరెడు పైన, అదే ఇప్పచెట్టు మానుకు అతుక్కుని, అసలైన బంగారు వీపు వడ్రంగి పిట్ట మెడ వంచి నన్ను పరిశీలిస్తోంది!

గంగారాంగారు నవ్వు ఆపుకోలేక బండమీద కూలబడ్డారు. కళ్లు తుడుచుకుని అన్నారు: "మనిషి అలికిడికే పారిపోయే పిట్ట నీ నెత్తిమీద నిమ్మళంగ కూసుందంటే, నీతోని ఎవలికీ భయం లేదన్నట్టు. నా బిడ్డ గురించి ఇగ నాకేం ఫికర్?"

ఆ ఫోటో ఇప్పుడు మా పెళ్లి ఆల్బంలో మొదటి పేజీ. వచ్చిన చుట్టాలందరికీ దాన్ని చూపించే బాధ్యత కవితది, కథ చెప్పే బాధ్యత మామగారిది, తల వంచుకునే బాధ్యత నాది.

కాబట్టి ఆ ఇద్దరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చెట్టుమీద ఏది కనిపించినా, అది ఎగిరేదాకా పేరు చెప్పను. ఎగరకుండా దిగొచ్చి బీడీ ముట్టిస్తే, నమస్కారం పెట్టి పక్కకు తప్పుకుంటాను.