పాలు పొంగని రథసప్తమి

రామచంద్రపురంలో మా అత్తవారింటికి కాపురానికి వెళ్ళిన కొత్తలో నన్ను అన్నిటికన్నా కంగారుపెట్టినవి పొయ్యిలు. పెరట్లో వేణ్ణీళ్ళకి కొబ్బరిమట్టల పొయ్యి, వంటింట్లో కట్టెల పొయ్యి, కాఫీకి కిరసనాయిలు స్టవ్వు. గ్యాసుకి మామగారు ఎప్పుడో పేరు రాయించారు గాని అది ఏనాటికొస్తుందో ఎవరికీ తెలియదు. కార్డు మీద ఇచ్చే కిరసనాయిలు సగం నెలకే అయిపోయేది. ఏ పూట ఏ పొయ్యి వెలిగించాలో నాకు ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. అడిగితే అత్తగారు, "అది కూడా అడగాలా అమ్మాయ్?" అనేవారు. అడక్కుండా వెలిగిస్తే, "ఒక్క మాట అడగొచ్చు కదా" అనేవారు.

అత్తగారికి ఆయాసం. చిన్నప్పటి నుంచీ పొగలో కూర్చుని వండిన మనిషి. నేను వెళ్ళడానికి ముందు ఏడాది రథసప్తమి నాడు పిడకల మంట ఊదుతూ ఊదుతూ అక్కడే ఒరిగిపోయారట. రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు గట్టిగానే చెప్పారు, ఇంకోసారి పొగ దగ్గరికి వెళ్తే మనిషి దక్కదని. దాంతో వంట నా చేతికొచ్చింది. రథసప్తమి మాత్రం ఎవరి చేతికీ ఇవ్వనన్నారు ఆవిడ. ఆ రోజు ఆరుబయట ఎండలో పిడకలు రాజేసి, సూర్యుడి ఎదట పాలు పొంగించి, ఆ పాలతోనే పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టాలి. పాలు పొంగకపోతే ఆ ఏడాది ఇంట్లో ఎవరికో ఒకరికి బాగుండదని ఆవిడ నమ్మకం. పొంగిస్తే ఆవిడకే బాగుండదని డాక్టరుగారి మాట. ఇందులో నేనెవరి పక్షమో నాకే తెలియలేదు.

మామగారు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. పేపర్లో చమురు గురించి ఏది పడినా పైకి చదివి వినిపించేవారు.

"భూమిలో ఉన్న నూనె ఒకనాటికి పూర్తిగా అయిపోతుందటే" అన్నారు ఒకసారి.

"అది అయినప్పుడు చూద్దురుగాని. మన డబ్బాలోది నిన్ననే అయిపోయింది, ముందు దాని సంగతి చూడండి" అన్నారు అత్తగారు.

ఆ చలికాలంలోనే ఆయన కాకినాడ వెళ్ళి, ప్రభుత్వం వాళ్ళు తక్కువ ధరకి ఇస్తున్నారని ఒక పెట్టెని బస్సు టాపు మీద వేయించుకుని తెచ్చారు. సోలార్ కుక్కరట. లోపలంతా నల్లరంగు, పైన గాజుపలక, తెరిస్తే మూతకి అద్దం. లోపల పెట్టుకోవడానికి నల్లటి గిన్నెలు, నల్లటి మూతలు. "పొగ లేదు, కట్టె లేదు, కిరసనాయిలు లేదు. ఇక నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో రథసప్తమి" అన్నారు భార్యతో. నేను వంగి చూశాను. అద్దంలో నా వెర్రిమొహం తప్ప నాకేమీ కనపడలేదు.

అత్తగారు పెట్టె చుట్టూ తిరిగి చూశారు. "అయితే వండేది ఎవరండీ, నేనా, సూర్యనారాయణమూర్తా?"

"సూర్యుడే."

"ఆయనకి పెట్టేది ఆయన చేతే వండించడమేంటండీ? ఇంటికొచ్చిన చుట్టాన్ని వంటింట్లోకి పొమ్మన్నట్టు!"

మామగారు చెప్తుంటే ఆయనది నిజమనిపించేది, ఆవిడ అంటుంటే ఆవిడదే సబబనిపించేది. మధ్యలో నిలబడి ఇద్దరికీ తలూపేదాన్ని. చివరికి ఆవిడే దిగొచ్చారు, కానీ ఆ నల్లగిన్నెల్లో దేవుడికి వండేది లేదన్నారు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గిన్నే పెడతానన్నారు. ఏదో ఒకటి ఒప్పుకుందని మామగారు సరేనన్నారు.

రథసప్తమి పొద్దున్నే అందరం జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని తలంట్లు పోసుకున్నాం. ఆవిడ మడి కట్టుకుని ఇత్తడి గిన్నెనీ దాని మూతనీ చింతపండు పెట్టి తోమారు. పండగకి తోమడం కదా, లోపలా బయటా బంగారంలా మెరిసేదాకా వదల్లేదు. పాలు పోసి పెట్టెలో పెట్టారు. మంచు విడిచి ఎండ ఎక్కింది. మా పెరడంతా కొబ్బరిచెట్లు, ఎండ ఒకచోట నిలవదు. మామగారూ నేనూ చెరోవైపు పట్టుకుని పెట్టెని ఎండ వెనకాల మోసుకు తిరిగాం. అద్దం అటు తిప్పితే గోడ మీద వెలుగు, ఇటు తిప్పితే నా కళ్ళల్లో వెలుగు. తెరిచి చూస్తే పాలు గోరువెచ్చగా ఉన్నాయి. చాలాసేపాగి చూసినా అంతే. చిక్కుడుకాయల రథం చేసుకుని, ఆకులు కడిగి పెట్టుకుని ఆవిడ నిలబడే ఉన్నారు. నిన్న ఇదే పెట్టెలో, ఇదే ఎండకి, మామగారు పప్పు ఉడికించి చూపించారు. ఇవాళేమొచ్చిందో ఆయనకీ అంతుబట్టలేదు.

"ఆ సూర్యనారాయణమూర్తికి ఇష్టం లేదు" అన్నారు అత్తగారు. గబగబా వెళ్ళి గోలెం వెనకాల దాచుకున్న పిడకలు తెచ్చారు, అగ్గిపెట్టె తెచ్చారు.

"వద్దే, నా మాట విను" అని మామగారు బతిమాలుతున్నారు. ఆవిడ వినిపించుకోలేదు. నాకు భయమేసింది, కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆవిడ చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కున్నాను. "మీరు దూరంగా కూర్చోండి అత్తయ్యగారూ. నేనూ మడిలోనే ఉన్నానుగా" అన్నాను.

మంచుకి మెత్తబడ్డ పిడకలు ఒక పట్టాన రాజుకోలేదు. పొగంతా నా మొహానికే. కళ్ళ వెంట నీళ్ళు, ఊదినకొద్దీ దగ్గు. అరుగు మీద నుంచి ఆవిడ, "ఇంకొంచెం ఊదమ్మాయ్, ఇంకొంచెం" అంటూనే ఉన్నారు. ఎలాగో మంట లేచాక పెట్టెలోని ఇత్తడి గిన్నె తెచ్చి దాని మీద పెట్టాను, పాలు పొంగాయి. ఆవిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. నేను బియ్యం వేసి, మంట సరిచెయ్యబోయి మళ్ళీ దగ్గులో పడ్డాను.

అప్పుడు మామగారు గిన్నె వైపు చూసి, "ఆగమ్మాయ్!" అని కేకేశారు. బంగారంలాంటి గిన్నె చుట్టూ మసి పట్టింది. ఆయన నెత్తి కొట్టుకున్నారు. "మెరిసేది ఎండని వెనక్కి కొడుతుంది, నల్లది పీల్చుకుంటుంది. జన్మంతా పిల్లలకి చెప్పిన పాఠం ఇంట్లో మర్చిపోయాను. తోమిందే, అక్కడే చెడింది!" ఆ మసిగిన్నెనే దింపి, పెట్టెతో వచ్చిన నల్లమూత వేసి, మళ్ళీ ఎండలో పెట్టించారు. మధ్యాహ్నానికి అన్నం మెత్తగా ఉడికింది. బెల్లం కలిపి నైవేద్యం పెట్టాం. ఆ పరమాన్నం వండింది పిడకలా, సూర్యుడా, నేనా అన్నది నాకు తేలలేదు. ఆకలి మీద ఉన్నాను, తినేశాను.

సాయంత్రమంతా దగ్గుతూనే ఉన్నాను. అత్తగారు మంచం మీద అటు తిరిగి పడుకున్నారు. నా మీద కోపమొచ్చిందేమో అనుకున్నాను. గిన్నె తోమబోతే మాత్రం, "అక్కడ పెట్టు. నేను చూసుకుంటాను" అన్నారు.

మరుసటి ఏడు రథసప్తమికి ఆవిడ నన్ను అటకెక్కి ఆ గిన్నె తియ్యమన్నారు. పాతగుడ్డలో మూటగట్టి ఉంది. విప్పితే నా చేతులు నల్లబడ్డాయి. లోపల శుభ్రంగా తళతళలాడుతోంది, బయట మసి అలాగే ఉంది. పూటపూటా నేను తోమిన గిన్నెల్ని మళ్ళీ తోమే మనిషి, ఈ ఒక్కదాన్నీ ఏడాదిపాటు మసితో దాచారు. పిడకల కోసం గోలెం వెనక చూశాను. అక్కడేమీ లేవు.

"పెట్టెలో పాలు పొంగవు కదండీ?" అన్నాను.

"పొంగకపోతే మానె. నా దగ్గు నాకెప్పుడూ వినపళ్ళేదమ్మాయ్. నీది వినపడింది" అన్నారు, పాలు పోస్తూ.

ఆ ఏడు పాలు పొంగలేదు. గిన్నె ఇప్పుడు నా దగ్గరే ఉంది. లోపల తోముతాను. బయట తోమాలో వద్దో అడగడానికి ఆవిడ లేరు, అలాగే గుడ్డలో చుట్టి పెట్టేస్తాను.