కత్తి పడని అంచు

ఆ రోజు జూలై పదకొండు. ఉదయం నుంచీ ముసురు. వాన వెలిసేదాకా కూర్చుందామని నేను వెళ్లేసరికి, గ్రంథాలయం వెనుక గదిలో బైండరు గారు దారాన్ని పంటితో తెంపుతూ ఒక పాత నవలను కుడుతున్నారు. మనం ఓడిన యుద్ధంలో మనమే గెలిచినట్లు ఊహించిన నవల అది. పాఠకులు తమ అభిప్రాయాలను పుటల అంచుల్లోనే పెన్సిలుతో వ్రాశారు: "చెవిలో పువ్వులు!", "గెలిచాం సరే, నిద్ర లేవండి!" కుట్టిన పిమ్మట అంచులు కత్తిరించడం ఆయన పద్ధతి. ఆనాడు కత్తి ఆనించి ఆగిపోయారు.

"ఏంటి బాబాయ్, కత్తి మొండిదైందా, నువ్వు మొండికేశావా?" అంది లైబ్రేరియన్.

"కోస్తే ఇది పోతుందమ్మా."

ఆయన వేలి కింద ఒక వాక్యం: "ఇలా జరిగి ఉంటే మా పెద్దాడు ఇంటికొచ్చేవాడు."

"మా అమ్మ రాత," అన్నారాయన. "తను పోయేదాకా ఇంట్లో అన్నయ్య పేరే ఎత్తలేదు."

'జరిగి ఉంటే' లాంటి, షరతును తెలిపే చేదర్థకాన్ని బడిలో ఎన్నో ఏళ్లు బోధించాను. ఇంత బరువైన ఉదాహరణ నాకు దొరకలేదు.

"ఎగుడుదిగుడుగానే అట్ట వేసెయ్. నేను చూడలేదు," అంది లైబ్రేరియన్.

తొమ్మిదేళ్లకు ఆయన ఉత్తరం వచ్చింది: "మాస్టారూ, ఆ పుస్తకం మళ్లీ కుట్టడానికి వచ్చింది. అమ్మ మాట కింద ఎవరో 'మా నాన్న కూడా' అని వ్రాశారు. ఆ కింద 'మా ఆయన కూడా'. అంచులో ఇక చోటు లేదు. నాలుగు తెల్లకాగితాలు కలిపి కుట్టాను."