మజ్జిగకు పోని రంగు

మా ఫ్రిజ్‌లో కూరగాయల అర నాది. అందులో కూరగాయలుండవు. ప్రొద్దుటూరు ఎండలకు మార్చి నుంచే లిప్‌స్టిక్‌లకు చెమట పడుతుంది, మే వచ్చేసరికి మూతలోనే ఒరిగిపోతాయి. అందుకని అవన్నీ ఫ్రిజ్‌లోకి, వంకాయలూ టమాటాలూ గట్టు మీది బుట్టలోకి. కాటుకలు, పౌడర్లు, ఫౌండేషన్ సీసాలు బీరువా కింది అరలో ఉంటాయి, మేకులూ బోల్టులూ సర్దుకోవడానికి అమ్మే గళ్ల డబ్బాల్లో. ప్రతి దాని అడుగునా మూత తీసిన నెల రాసి చిన్న కాగితం అంటిస్తాను. కాలం దాటినదాన్ని కంటికి పెట్టుకుంటే ఏమవుతుందో ఒకసారి చూశాను, రెండోసారి చూడదలచుకోలేదు. మా ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. ఆ బీరువా తెరిచినప్పుడల్లా "మా స్టోర్ రూమ్ కూడా ఇంత పద్ధతిగా ల్యా" అంటాడు. అది మెప్పో ఎత్తిపొడుపో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు.

నేను బడిలో లెక్కలు చెప్తాను. ఆదివారం పొద్దున మాత్రం ఫోనును కిటికీ చువ్వకు ఆనించి, ముక్కు కింది నుంచి గడ్డం దాకా మాత్రమే కనబడేలా కూర్చుని, కొత్తగా తెప్పించిన రంగు గురించి చెప్తాను. చూసేవాళ్లు ఎక్కువమందేం లేరు. కానీ ఉన్న కొద్దిమందికీ నా మాట మీద గురి. మన చామనఛాయకు ఏది నప్పుతుందో, మన ఎండకు ఏది కారిపోతుందో దాచకుండా చెప్తానని వాళ్ల నమ్మకం. కంపెనీవాళ్లు కాఫీ గుక్క తాగి, చూడండి పోలేదు అంటారు. నేను వేడి సంగటి ముద్ద, కోడి పులుసు తిని చూపిస్తాను. సంగటి ముందు నిలిచిన రంగును నేను చాలా అరుదుగా చూశాను.

మొహం మొత్తం చూపించకపోవడానికి కారణం మా అత్త. ఆమె జమ్మలమడుగులో ఉంటుంది. మనిషి చెడ్డది కాదు, మాట మాత్రం కత్తి. పెళ్లయిన కొత్తలో ఒక గృహప్రవేశానికి లేత గులాబీ రంగు వేసుకుని పోతే, నలుగురిలో నన్ను నిలబెట్టి, "ఏందమ్మా, మూతికి దెబ్బ దగిలిందా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంటికొచ్చి బాత్‌రూమ్‌లో ఏడ్చాను. అప్పటినుంచి ఆమె ముందు నేను కాటుక దాటి పోలేదు. వీడియోల సంగతి ఆమె చెవిన పడితే ఏమంటుందో ఊహించుకోవడం నాకు ఒక జబ్బులా ఉండేది. ఏ పేరంటంలోనైనా ఎవరైనా ఫోను చూసి నవ్వుకుంటుంటే నా వైపే చూస్తున్నారనిపించేది.

కనిపెట్టింది పెద్దత్త. అంటే అత్తకు సొంత అక్క. పులివెందుల దగ్గర వేములలో వాళ్లకు చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అడగకుండా, "పాపా, ఆ మూతి నీదే గదా?" అంది. అత్తకు చెప్పొద్దని బతిమాలాను.

"నాకేం పనిలే, నేనెందుకు జెప్తా. ఆ ఎర్రది శానా బాగుండాది. నాకు బాగుంటాదా?"

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆమె ఫోను రాకపోతే నాకు వీడియో పూర్తయినట్టుండేది కాదు. ఒకసారి నేనిచ్చిన లిప్‌స్టిక్ వేసుకుని పెళ్లికి పోయిందట. ఇంటికొచ్చి మజ్జిగ తాగితే గ్లాసు అంచున మూతి అచ్చు పడింది. "మీ పెద్దమామ ఆ గ్లాసు ఎత్తి జూపిచ్చి ఒకటే నగడం. మజ్జిగకు పోనిది యాడన్నా ఉంటే జూడు పాపా" అంది. నిలిచే రంగులున్నాయి గానీ పెట్టుకున్నాక ఆరేదాకా పెదవులు కదపకూడదు, మాట్లాడకూడదు అని చెప్పాను. "అంతసేపు నేను మాట్లాడకుండా ఉండేదా? అయితే నాకొద్దులే తల్లీ" అని నవ్వింది. వద్దన్నదే గానీ ఆ తర్వాత కూడా, దొరికిందా దొరికిందా అని అడుగుతూనే ఉంది.

వెతికి వెతికి ఒకటి తెప్పించాను. పండుమిరపకాయ రంగు, పైపూత ఊడినా అడుగున పెదవికే రంగు పట్టించే రకం. ఆ ఆదివారం పొద్దున్నే వేసుకున్నాను. ఆరనిచ్చి మజ్జిగ తాగాను. గ్లాసు అంచు అద్దంలా ఉంది. పెద్దత్తకు ఇక ఫోన్ చేయొచ్చు, సంగటి పరీక్ష కూడా అయ్యాక చేద్దాం అనుకుంటూ పొయ్యి దగ్గరికి పోతుంటే మా ఆయన ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "పెద్దమ్మ పోయినాదంట" అన్నాడు. తోటలోకి పోయి వచ్చి, అరుగు మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయిందట.

నేను గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయాను. పెద్దత్త గొంతు చెవిలో వినిపిస్తూనే ఉంది. కాసేపటికి మొహం కడుక్కుందామని లేచి అద్దంలో చూసుకున్నాను. పండుమిరపకాయ పెదవులు. చావింటికి పోవాలి.

మేకప్ తుడిచే నూనె పెట్టి రుద్దితే పైపూత ఊడింది, అడుగు రంగు ఊడలేదు. కొబ్బరినూనె పెట్టాను. శనగపిండితో రుద్దాను. రుద్దేకొద్దీ పెదవులు వాచి ఇంకా ఎర్రగా అయ్యాయి. పైన కాంపాక్ట్ పౌడర్ అద్దితే విషం తిన్న మనిషిలా కనబడ్డాను, అదీ తుడిచేశాను. ఇన్నాళ్లూ కంపెనీవాళ్లు అబద్ధాలు చెప్తారని తిట్టాను. ఈ ఒక్కసారి నిజం చెప్పి నా కొంప ముంచారు. మా ఆయన చెప్పులేసుకుని, "బస్సు పోతాది" అని తొందరపెట్టాడు. దూది, నూనె సీసా, ఆ రంగు గొట్టం, చేతికి అందినవన్నీ బ్యాగులో కుక్కి, కరోనా నాటి మాస్కు ఒకటి వెతికి పెట్టుకున్నాను.

దారి పొడుగునా నా బుర్రలో రెండు నడిచాయి. ఒకటి పెద్దత్త లేదన్న సంగతి. అది ఇంకా లోపలికి దిగలేదు. రెండోది అత్త మొహం. చావింటికి రంగు పూసుకుని వచ్చిన కోడలు అన్న మాట ఒకసారి పుడితే నేను బతికున్నన్నాళ్లూ బతుకుతుంది. బస్సులో మాస్కు కింద దూది దూర్చి రుద్దుతూనే ఉన్నాను. పక్క సీట్లో ఆమె నన్ను అనుమానంగా చూసి పిల్లను తన వైపు లాక్కుంది.

జమ్మలమడుగులో అత్త ఇంటి ముందు కారు మాట్లాడి ఉంచింది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. అక్క పోయిన మనిషిలా లేదు, చేయాల్సిన పనులున్న మనిషిలా ఉంది. కారెక్కగానే నా వైపు తిరిగింది.

"అదేంది మూతికి?"

"జలుబు జేసింది అత్తా."

అత్త ముందుకు తిరిగి కూర్చుంది. ఊరు దాటకముందే బట్టల షాపు దగ్గర కారాపించింది. ముత్తైదువగా పోయిన మనిషికి పుట్టింటి చీర పెట్టాలి. పుట్టింటి తరఫున మిగిలింది అత్త ఒక్కతే. ఆకుపచ్చకు ఎర్రంచు, పసుపుకు ఎర్రంచు రెండూ ఒళ్లో వేసుకుని, "రంగుల సంగతి నీకు తెలుస్తాది గదా, ఏది?" అని నన్నడిగింది. నాకు తెలుస్తుందని ఈమెకెలా తెలుసు? పసుపుచీర పెద్దత్త ఒంటి రంగును చంపేస్తుంది. ఆకుపచ్చ వైపు వేలు చూపించాను.

ముద్దనూరు దాటాక ఎండ ముదిరింది. మాస్కు లోపల చెమట, నూనె, దూది పీచులు. అత్త నీళ్ల బాటిల్ అందించింది, వద్దన్నాను. పులివెందులలో మళ్లీ అందించింది. "కారెక్కినప్పట్నుంచి ఏం దాగలేదు గదా, తాగు" అంది. దాహంతో నాలుక పిడచగట్టుకుపోతోంది. అయినా తల అడ్డంగా ఊపాను. ఆమె నన్ను కాసేపు చూసి, బాటిల్ మూత బిగించి ఒళ్లో పెట్టుకుంది.

నేను మర్చిపోయిన సంగతి ఒకటుంది. మా వైపు చావింట్లో అడుగు పెట్టగానే ఆడవాళ్లు ఎదురొచ్చి మెడ మీద పడి ఏడుస్తారు. ఒకరి తర్వాత ఒకరు, చెంపకు చెంప ఆనించి. ఆ కావిలింతల్లో మాస్కు ఏం నిలుస్తుంది? పెద్దత్త ఆడబిడ్డ నన్ను కరుచుకుని ఏడ్చి, తల ఎత్తేసరికి మాస్కు తాడు తెగి ఆమె కొంగుకు వేలాడుతోంది. ఆమె ఏడుపు అక్కడే ఆగిపోయింది.

"ఇదేందమ్మా, సావింటికి లిప్పుస్టిక్కు ఏసుకోని వచ్చినావా?"

ఆ మాటతో చుట్టూ ఏడుపులు సన్నబడ్డాయి. నాకు తల తీసేసినట్టయింది. పొద్దున వేసుకున్నానని, కబురు తర్వాత తెలిసిందని, ఎంత రుద్దినా పోలేదని చెప్పాలి. కొంగు మూతికడ్డం పెట్టుకుని అత్త వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. చీర కవరు పట్టుకుని లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది. నేను ధాన్యం బస్తాల పక్కన మూలకు కూర్చుని, ఇక ఈ ఇంటి గడప ఎలా దాటాలా, ఈ మనిషి ముందు ఎలా తిరగాలా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. పెద్దత్త ఉంటే ఏదో ఒకటి అని నవ్వించేది. పెద్దత్తే లేదు.

నీళ్లు పోయడం అయింది. పసుపు రాసి, కొత్త చీర చుట్టి, నుదుట ఇంత బొట్టు పెట్టారు. "పాపా, ఈడికి రా" అని లోపలి నుంచి అత్త పిలిచింది. అందరి ముందూ కడిగేస్తుందనుకున్నాను. లేచి పోయాను. అత్త అక్క తల దగ్గర కూర్చుని తడి జుట్టు తుడుస్తోంది, తల ఎత్తలేదు.

"అది బ్యాగులో ఉండాదా?"

"ఏది అత్తా?"

"మజ్జిగకు పోనిది, నీ మూతికి ఉండేది. అక్క అడిగినాది గదా నిన్ను. నీ వీడియో వచ్చినప్పుడల్లా నాకు ఫోన్ జేసి అంతా జెప్పేది. వద్దన్నా ఇనేది గాదు."

ఇన్నేళ్లూ నేను ఎవరికి తెలియకూడదని వణికానో, ఆమెకు ప్రతి ఆదివారం కబురు అందుతూనే ఉంది. ఆ ఆడబిడ్డ గుమ్మంలో నిలబడి ఇదేం ఆచారమని గొణిగింది. అత్త అప్పుడు తల ఎత్తింది. "పుట్టింటోళ్లం మేం జేసుకుంటాండాం. నువ్వు పక్కకు జరుగు, ఎల్తురు రావల్ల" అంది.

గొట్టం మూత తిప్పాను. ఎన్ని రంగులు వేసి చూశానో, ఇంత భయం ఎప్పుడూ లేదు. పెదవులు ఎండి బీటలు వేసి ఉన్నాయి. నూనె రాసి, దూదితో మెత్తగా అద్ది తీసేశాను, నూనె మిగిలితే రంగు పట్టదు. వంకర పోతే ఎలా? ఇది ఊడదు, దిద్దుకోవడానికి రేపు లేదు. అత్త రెండు చేతులతో గడ్డం కదలకుండా పట్టుకుంది. పై పెదవి మధ్య నుంచి మొదలుపెట్టి అంచుల దాకా తెచ్చాను, తర్వాత కింది పెదవి. ఆరేదాకా మాట్లాడొద్దని చెప్పడం నాకు అలవాటు. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. పెద్దత్త మాట్లాడలేదు. రంగు చక్కగా ఆరింది. అప్పుడు గానీ ఆమె పోయిందన్న సంగతి నా లోపలికి దిగలేదు. గోడకు తల ఆనించి గట్టిగా ఏడ్చాను, పెదవులు ఎవరు చూస్తే నాకేం అనిపించింది.

పెద్దమామ వచ్చి చాలాసేపు చూశాడు. "బాగుండాదిలే" అని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి పోయాడు. ఎత్తేముందు అత్త నా చెయ్యి పట్టుకుని, "పోదు గదా?" అంది. "పోదు అత్తా" అన్నాను. సంగటి పరీక్ష ఇంకా కాలేదని ఆమెకు చెప్పలేదు.

చీనీ తోటలో ఒక మూల పూడ్చి వచ్చేసరికి పొద్దు వాలింది. స్నానాలయ్యాక పక్కింటివాళ్లు మజ్జిగ తెచ్చి అందరికీ పోశారు. ఇంట్లో బయల్దేరినప్పటి నుంచీ గుక్క నీళ్లు తాగని దాన్ని, అరుగు మీద అత్త పక్కన కూర్చుని ఎత్తిన గ్లాసు దించకుండా తాగేశాను. అత్త నా చేతిలోంచి ఆ ఖాళీ గ్లాసు తీసుకుంది. వెలుతురుకు పెట్టి అంచు చుట్టూ తిప్పి చూసింది, వేలితో తడిమింది.

"యాడా అంటలేదే" అంది. "అక్కకు ఫోన్ జేసి జెప్పల్ల."

అన్నాక ఏమన్నదో ఆమెకు తెలిసింది. పొద్దున్నుంచీ ఒక్క చుక్క రాల్చని మనిషి, ఆ గ్లాసు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.