ఇంజనుకి పారాణి

మా అయ్య గర్విష్టి. బరంపురంలో ఈ మాట అనని మనిషి లేడు. నేనూ అంటాను, కూతుర్ని కనక నాకా హక్కుంది. పైవాళ్ళంటే మాత్రం ఊరుకోను. చేతిలో పని లేనివాడు గర్వపడితే తప్పు గానీ, మా అయ్య పడితే తప్పేమిటి?

ఆయన పేరు సింహాచలం. దిగపహండి దగ్గర ఒక పల్లెలో, ఎడ్లబళ్ళ చక్రాలకు ఇనప పట్టాలు తొడిగే కమ్మరింట పుట్టాడు. ఆ రోజుల్లో మా గంజాం వాళ్ళు పని కావాలంటే గోపాల్పూరులో పొగ ఓడ ఎక్కి రంగూన్ వెళ్ళేవారు. అయ్యా వెళ్ళాడు. తోటివాళ్ళు రేవులో బస్తాలు మోస్తుంటే ఈయన ఒక మోటారు షెడ్డులో దూరాడు. మొదట నేల తుడిచాడు, తర్వాత పనిముట్లు తుడిచాడు, చివరికి దొరల బళ్ళు విప్పి బిగించే దాకా వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు వాళ్ళు పట్టుగుడ్డలూ లక్కపెట్టెలూ తెచ్చుకుంటే, మా అయ్య సంచీ నిండా స్పానర్లూ మూతి నిండా మీసమూ తెచ్చుకున్నాడు.

ఆ మీసం గురించి చెప్పాలి. నేను పుట్టకముందు సంగతి ఇది, కానీ అమ్మ నోట విని విని కళ్ళారా చూసినట్టే ఉంటుంది. రెండు పక్కలా మెలితిరిగి, కొసలు పైకి లేచి ఉండేదట. పొద్దున్నే అద్దం ముందు కూర్చుని దానికి నూనె రాసేవాడు. మా అమ్మ వరలక్ష్మి ఆయనకు మేనత్త కూతురే, చిన్నప్పట్నుంచీ ఎరిగిన మనిషి, భయమేముంటుంది? “మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె” అని దెప్పేది. అయ్య నవ్వి ఇంకో చుక్క రాసుకునేవాడు.

నిజంగానే అప్పట్లో మెతుకులు తక్కువ. అంకులి వెళ్ళే దారిలో తాటాకు షెడ్డు వేశాడు గానీ పెద్ద పని ఏదీ వచ్చేది కాదు. మా జిల్లా ఇంకా మద్రాసు కింద ఉన్న కాలం. బరంపురంలో మోటార్లే కొద్ది. చక్రానికి అతుకు వెయ్యాలన్నా, బ్రేకు సరిచెయ్యాలన్నా అయ్య దగ్గరికి వచ్చేవారు. ఇంజను విప్పాలంటే మాత్రం బండిని రైలెక్కించి విశాఖపట్నం పంపేవారు. మన ఊరి చెయ్యి ఇంజనులో పడితే ఇంక అది లేవదని వాళ్ళ నమ్మకం. ఈ మాట చెవిన పడ్డప్పుడల్లా మా అయ్యకు ఒళ్ళు మండిపోయేది.

అలాంటప్పుడు వెంకటరమణమూర్తి గారి బస్సు మూలిగింది. ఆయన పసుపు టోకు వర్తకులు, తరాలుగా బరంపురంలో ఉన్న కుటుంబం. బరంపురం నుంచి దిగపహండికి ఒక బస్సు నడిపేవారు. ఎవరి దగ్గరో కొన్న పాత లారీకి పైన చెక్క కట్టించిన బండి అది. ముందు ఎత్తుగా ఇత్తడి రేడియేటరు, తోమిన బిందెలా మెరిసేది. ఇంజనులో కాగిన నీళ్ళు ఆ ఇత్తడి పెట్టెలోకి వచ్చి, గాలికి చల్లారి, మళ్ళీ ఇంజనులోకి పోతాయి. అది లేకపోతే ఇంజను నిప్పుకణికే. బండి ఎత్తు ఎక్కలేకపోతోందని, రైలెక్కించడానికి సావుకారు సిద్ధమవుతుంటే అయ్య వెళ్ళి అడ్డం నిలబడ్డాడు.

“విశాపట్నం ఎందుకు బాబూ? నానున్నాను. మూత ఇప్పి లోపల సరిసేసి మళ్ళీ మూసీసి ఇస్తాను.”

పెళ్ళిళ్ళ రోజులు. బస్సు ఊళ్ళో లేకపోతే బేరం పోతుంది. సావుకారు మనసు పీకుతూనే ఒప్పుకున్నారు.

అయ్య ఇంజను మూత విప్పాడు. కవాటాలు నూరాడు, మసి గీకాడు, మూతకీ ఒంటికీ మధ్య నీళ్ళు కారకుండా అడ్డుండే పల్చటి రేకు, గాస్కెట్టంటారు, కొత్తది వేశాడు. మధ్యనుంచి అంచులకు ఒక్కో మర వరసగా బిగిస్తూ, పసిబిడ్డకు నీళ్ళు పోసినంత ఒద్దిగ్గా మూశాడు. ఇంజను పాడింది. అమ్మ కూడా మెచ్చుకుందంటే ఇంక చెప్పేదేముంది?

బండి అప్పగించే రోజు షెడ్డు ముందు జనం మూగారు. పసుపు వర్తకుడి బండికి పసుపు కొరవా? రేడియేటరు నెత్తిమీద అరచేతి మందాన పులిమారు, పైన బంతిపూల దండ వేశారు. చక్రం ముందు రాయి పెట్టి, సావుకారు కొబ్బరికాయ చేతిలోకి తీసుకున్నారు. మా అయ్య ఆ కాయ అడిగి పుచ్చుకున్నాడు. ఇంజను విప్పింది తను కనక కాయ కూడా తనే కొట్టాలట.

“రాయి మీద కొట్టవయ్యా,” అన్నారు సావుకారు.

“ఇలాటి బండుండగా రాయెందుకు బాబూ?” అని రేడియేటరు మూల మీద ఒక్కటిచ్చాడు. కాయ రెండు చెక్కలైంది, జనం కేకలేశారు. ఆ ఊపులో మా అయ్య మీసం మెలేసి ఒట్టు కూడా పెట్టాడు. “ఈ బండి మీద నా సెయ్యి పడిన సోట సుక్క నీరు కారిందంటే, ఈ మీసం తీసీసి మీ ముందు నిలబడతాను.”

నోటి దురద అంటే అదే మరి.

వారం తిరక్కుండా బస్సు షెడ్డు ముందుకు వచ్చి ఆగింది. డ్రైవరు పైడయ్య దిగీ దిగకుండానే మొదలెట్టాడు. “సింహాసలం, నీ ఇంజను నీళ్ళు తాగేస్తంది. ఊరూరా ఆపి కడవలు పొయ్యలేక సస్తన్నాను.”

ముందు కప్పు లేపి చూస్తే ఇంజను మూత తడిసి ఉంది. సరిగ్గా అతుకు దగ్గరే, గాస్కెట్టు అంచు వెంబడి నీళ్ళు జారుతున్నాయి. వెనకే సావుకారు రిక్షా బండిలో వచ్చారు. ఆయన కేకలేసే మనిషి కాదు. అదే ఇంకా కష్టం.

“నువ్వు తెరిచిన చోటే కారుతోంది సింహాచలం. రేపు మధ్యాన్నం వరకూ చూస్తాను. తర్వాత విశాఖపట్నం పంపిస్తాను. ఇది ఒక్కటే కాదు, ఇంక ఏ బండీ నీ దగ్గర విప్పించను.”

ఆయన విప్పించకపోతే ఊళ్ళో మరెవరూ విప్పించరు. మా అయ్య బతుకంతా చక్రాలకు అతుకులేసుకుంటూ గడపాలి. మీసం సంగతి ఎవరూ ఎత్తలేదు గానీ అందరి చూపూ దానిమీదే ఉంది.

ఇంకొకడైతే భయపడి మరలు ఇంకాస్త బిగించేవాడు. బిగిస్తే విరిగేవి. అయ్య బిగించలేదు. లోపలి నూనె కొంచెం తీసి చూశాడు. గాస్కెట్టు చిరిగి నీళ్ళు లోపలికి దిగితే నూనె మజ్జిగలా తెల్లబడాలి, తెల్లబడలేదు. రేడియేటరు మూత తీసి ఇంజను నడిపాడు. గాస్కెట్టు పోతే నీళ్ళలో బుడగలు లేవాలి, ఒక్కటీ లేవలేదు. లోపల అంతా బాగుంది. పైన మాత్రం తడి. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. అమ్మ బతిమాలితే విసుక్కున్నాడు కూడా.

మర్నాడు పొద్దున్నే ఇంట్లోంచి సున్నం తెచ్చాడు. గోడకు వేసే సున్నమే. ఇంజను తుడిచి, అతుకు పొడుగునా పల్చగా పూసి ఆరనిచ్చాడు. మొదట ఎక్కడ తడిస్తే అక్కడే కారుతున్నట్టు. పైడయ్యను పిలిచి, బండి ఊరి బయటదాకా తోలుకు రమ్మన్నాడు.

బండి తిరిగొచ్చేసరికి అమ్మ గంజి పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. అయ్య కప్పు లేపాడు. ముందు భాగంలో సున్నం తడిసింది. తడిసింది కాదు, ఎర్రబడింది.

“ఇదేటి మావా?” అంది అమ్మ. “ఇంజనుకి పారాణి ఎవులెట్టినారు?”

సున్నంలో పసుపు కలిస్తే ఎరుపు. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణి అదే, ఏ ఇంటి ఆడదాన్ని అడిగినా చెబుతుంది. ఇంజనులో ఉన్నవి ఉత్త నీళ్ళు. అతుకులోంచే కారితే సున్నం తడిసి తెల్లగానే ఉండాలి. పసుపు ఎక్కణ్ణుంచి వచ్చింది?

బండి మొత్తానికి పసుపున్నది ఒక్కచోటే. అయ్య గంజి ముట్టకుండా వెళ్ళి, రేడియేటరు మీద ఎండిపోయిన బంతిదండ తీశాడు. ఒక మూలన పులిమిన పసుపు కొంచెం గీకాడు. కింద ఇత్తడి మూల నొక్కుకుపోయి ఉంది, కొబ్బరికాయంత గుండ్రంగా. ఆ నొక్కు అంచున అతుకు వెంట్రుకవాసి విడింది. చల్లగా ఉంటే ఏమీ కనబడదు. నీళ్ళు కాగగానే అక్కడ నోరు తెరుచుకుంటుంది. వెనక తిరిగే పంకా ఆ నీటిని గాలితో పాటు లాగి ఇంజను మీద చల్లుతుంది. చూసేవాడికి ఇంజనే కారినట్టుంటుంది.

నమ్మకం చిక్కడానికి పంకా పట్టీ విప్పేసి కాసేపు ఇంజను నడిపాడు. లాగే గాలి లేదు. ఇంజను పొడిగా ఉంది, రేడియేటరు మీదనుంచి పచ్చటి చార కిందికి జారింది.

అమ్మ ఊపిరి పీల్చుకుంది. “నీ ఇంజను తప్పు కాదు. పోన్లే, మీసం దక్కింది.”

అయ్య ఇంజను ఆపి, వంగి ఆ నొక్కు వైపే చూశాడు.  తర్వాత అమ్మను అడిగాడు. “ఒలే, ఆ పొద్దు నానేటన్నాను?”

“ఇంజను కారితే అన్నావు.”

“కాదు. నా సెయ్యి పడిన సోట అన్నాను. కాయ కొట్టిన సెయ్యి ఎవుల్ది?”

“దేవుడికి కొట్టిన కాయ అది. అదీ లెక్కేనేటి?”

“సావుకారు రాయి మీద కొట్టమన్నారు. నానే కాదన్నాను.”

అమ్మకు ఏడుపొచ్చింది. “రేడియేటరు పాతదని సెప్పీసి అతుకెట్టీ. ఎవులడుగుతారు?”

“ఒలే, అర్దం సేసుకో. నా ఇంజను నిక్కం అని సావుకారు నమ్మాలి. ఎక్కడ కారిందో సెప్పి, ఎందుకు కారిందో దాస్తే, ఆయన రెండూ నమ్మడు.” అని లేచి, మంగలి ఇంటివైపు నడిచాడు.

మధ్యాన్నం సావుకారు వచ్చారు. పైడయ్యా, బజారు జనమూ వెంట ఉన్నారు. షెడ్డులో నిలబడ్డ మనిషిని చూసి, “మేస్త్రీ ఏడీ?” అని అడిగారు.

“నానే బాబూ.”

పైడయ్య నోరు తెరిచి మూసుకోవడం మర్చిపోయాడు. సావుకారు కాసేపు ఆ నున్నటి మూతినే చూశారు. “అయితే మూతే కారిందన్నమాట.”

“నేదు బాబూ. మూత రాయిలాగుంది. సూడండి.” అయ్య ఇంజను మీద ఎర్రబడ్డ సున్నం చూపించాడు, నొక్కు చూపించాడు, పంకా లేకుండా నడిపి పచ్చటి చార చూపించాడు. అన్నీ చూపించాక చేతులు తుడుచుకుని, తలెత్తి అన్నాడు. “ఇంజను కట్టిన సెయ్యి తప్పు సెయ్యలేదు. కాయ కొట్టిన సెయ్యి సేసింది. రెండు సేతులూ నావే. మీసం ఒక్కటే ఉంది, తీసీసినాను.”

జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది. సావుకారు నవ్వలేదు. “రాయి మీద కొట్టమన్నానా లేదా?” అని మాత్రం అన్నారు.

అయ్య కొలిమి రాజేశాడు. రేడియేటరు నీళ్ళు వంపి, ఇత్తడి గీకి, నొక్కు మీద చిన్న రేకు పెట్టి తగరంతో మాటు వేశాడు. బిందెకు వేసే మాటే, కాకపోతే కమ్మరి కొడుకు వేసిన మాటు. మళ్ళీ నీళ్ళు పోశాడు. అమ్మ ఎవరూ చెప్పకుండానే సున్నం తెచ్చి, ఈసారి తనే పూసింది. బండి పైడయ్య తోలుకెళ్ళి తోలుకొచ్చాడు. కప్పు లేపితే సున్నం తెల్లగా, పొడిగా ఉంది.

సావుకారు మాటు మీద వేలు పెట్టి చూశారు. “ఆగుతుందా ఇది? మాటిస్తావా?”

అయ్య చెయ్యి అలవాటు కొద్దీ మూతి మీదికి పోయింది. అక్కడేమీ తగల్లేదు. “ఒట్టెయ్యడానికి మీసం నేదు బాబూ. పెరిగినాక అడగండి.”

“మీసం మీద ఒట్టు ఈ బజార్లో ప్రతివాడూ వేస్తాడయ్యా. తీసేసిన మూతి నీ ఒక్కడికే ఉంది. నాకది చాలు.” సావుకారు అంతటితో ఊరుకోలేదు. బస్సు ఎక్కి పైడయ్య పక్కన కూర్చుని, దిగపహండి పోనివ్వమన్నారు.

తర్వాత ఊళ్ళో మోటార్లన్నీ అయ్య షెడ్డులోనే విప్పారు. బండి బయటికి వెళ్ళేటప్పుడు చక్రం ముందు రాయి అమ్మే స్వయంగా పెట్టేది, కాయ అక్కడ పగిలేదాకా కదిలేది కాదు. అయ్య మాత్రం మళ్ళీ మీసం పెంచలేదు. నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి, పెంచితే బాగుంటావు కదా అన్నాను. వద్దన్నాడు. చెప్పాను కదా, గర్విష్టి అని.